తోక రాని నెమలి

ముందే చెప్పేస్తున్నాను, నాకు పెంచి చెప్పే జబ్బు ఉంది. ఇంట్లో దోమ కుట్టిన సంగతి వీధి చివరకు మోసుకుపోయేసరికి గేదె పొడిచినంత అవుతుంది. కింద రాసినదాన్ని కాస్త తగ్గించుకునే చదవండి.

తొంభైల చివర్లో, షోలాపూర్‌లో, జోడ్‌భావి పేట్‌లోని మా ఇంటి ముందుగదిలో నాకొక కంప్యూటర్ ఉండేది. అది ఎంత వేడెక్కేదంటే అమ్మ దాని మీద అప్పడాలు ఎండబెట్టేది. పత్రికతో ఉచితంగా వచ్చిన సీడీ నుంచి అందులో లినక్స్ ఎక్కించి, ఒక ప్రోగ్రామ్ రాశాను. తువ్వాలు మీద నేయాల్సిన బొమ్మ ఇస్తే, మగ్గం చేత ఆ బొమ్మ నేయించే జకార్డు అట్టల్లో ఎక్కడ చిల్లులు కొట్టాలో గళ్ల కాగితం మీద అచ్చు వేసి చూపిస్తుంది.

భవాని పేట్‌లో, కాకా అని పిలిచే మా చిన్నాన్నకు సాంచాలు, అంటే పవర్‌లూములు ఉండేవి. అవి మొదలైతే పక్క వీధిలో కెటిళ్లు వాటంతటవే కప్పుల్లోకి వంగేవి. పెళ్లిళ్ల కాలానికి నెమలి తువ్వాళ్లు వేయాలని కాకా కోరిక. గళ్ల కాగితం మీద బొమ్మలు గీసే ముసలాయన సొంతూరికి పోయి తిరిగి రాలేదు.

"నీ డబ్బా గీస్తదారా?" అన్నాడు కాకా.

"కండ్లు మూస్కొని గీస్తది కాకా!"

మా ఇంట్లో నెమలి నిజంగానే పురి విప్పి వచ్చింది. కాకా లెక్కలు రాసుకునే కంప్యూటర్‌లోనూ లినక్స్ ఎక్కించి, ప్రోగ్రామ్‌ను ఫ్లాపీలో తీసుకుపోయి, అదే బొమ్మ ఇచ్చాను. నెమలి వచ్చింది. తోక రాలేదు.

చాయ్ తెచ్చిన చిన్నమ్మ కాగితంలోకి తొంగి చూసింది. "ఏందిరా గిది, కోడిపెట్టనా?"

"నా మిషన్‌ల బరోబర్ వచ్చింది చిన్నమ్మా!"

"గట్లనా," అన్నాడు కాకా. "అయితె తువ్వాల కొన్నోళ్లందర్నీ మీ ఇంటికే తోల్త. ఆడ్నే తుడ్సుకుంటరు. రేపు సాయంత్రం దాకా చూస్త. తోక రాకుంటె నెమలి బంద్, ఉత్త గీతల తువ్వాలలే వేస్త."

అంటే నా ప్రోగ్రామ్ అటక మీదికే.

కాకా వాకిట్లోకి పోయి బకెట్ తోమడం మొదలుపెట్టాడు. కొత్తగా రంగు అద్దిన నూలు వస్తే, అందులో ఒక చిలప తీసి తెల్లగుడ్డతో కలిపి నీళ్లలో నానేసి, రంగు దిగుతుందేమో చూడటం మా వాళ్ల అలవాటు. ఆ రోజు ఎర్ర నూలు వచ్చింది. ఆయన తోముతున్న తీరుకు బకెట్ గ్లాసంత అయింది.

"అరిగిపోతది కాకా!"

"పాత రంగు అంటుకొని ఉంటే, గుడ్డకు దిగింది దేని రంగో ఎట్ల తెలుస్తదిరా?"

నా కంప్యూటర్ ఏళ్ల తరబడి తోమని బకెట్. ఏ మూల ఏ ఫైలు పడి ఉందో నాకే తెలియదు. ఇంటికి పోయి ఒక ఖాళీ డైరెక్టరీ చేసి, అందులో ప్రోగ్రామ్‌ను ఒక్కదాన్నే పెట్టి, క్రూట్ (chroot) అనే ఆదేశంతో తలుపు వేశాను. ఇక దానికి లోకమంటే ఆ డైరెక్టరీయే, బయటి ఫైలు ఒక్కటీ కనిపించదు. లోపల ఏముందో చూద్దామంటే, చూపించే ఆదేశం కూడా లోపల లేదు! ప్రోగ్రామ్ అసలు లేవనే లేదు, తను నడవడానికి ఆధారమైన లైబ్రరీ ఫైళ్లు కావాలని ఏడ్చింది. అడిగినవి ఒక్కొక్కటే అందించాను. చివరకు నెమలి వచ్చింది, తోక లేకుండా, మా ఇంట్లోనే!

తోక లేని పక్షిని చూసి అంత సంబరపడ్డవాడు షోలాపూర్‌లో ఇంకొకడు ఉండడు.

తప్పు నా కళ్ల ముందే జరుగుతోంది కాబట్టి ఇక వెతకడం సులువైంది. కాకా జకార్డుకు దారాలు ఎత్తే కొక్కేలు ఎన్ని ఉన్నాయో రాసిన చిన్న ఫైలు ఒకటి నా సొంత డైరెక్టరీలో ఎప్పటి నుంచో పడి ఉంది. అది దొరక్కపోతే ప్రోగ్రామ్ చిన్న జకార్డు అనుకుని, అందులో పట్టని తోకను కోసేస్తోంది. ఆ ఫైలును కూడా ఖాళీ డైరెక్టరీలోకి చేర్చాను. తోక వచ్చింది. ఆ డైరెక్టరీని ఉన్నదున్నట్టు ఫ్లాపీల్లోకి ఎక్కించాను.

మర్నాడు సాయంత్రం కాకా కంప్యూటర్‌లో నెమలి పురి విప్పింది. కాకా లేచి నన్ను వాటేసుకుని, "శెభాష్ రా కొడుకా!" అన్నాడు.

ఇదిగో, ఈ వాటేసుకోవడమూ శెభాషూ నేను కల్పించినవి. మిగతావన్నీ ఉన్నవాటినే సాగదీశాను. కాకా ఆ కాగితాన్ని వెలుతురుకు పట్టుకుని, తోక గళ్ల వెంట గోటితో చివరిదాకా పోయాడు. తర్వాత దాన్ని అట్టలకు చిల్లులు కొట్టేవాడి ముందు పెట్టి, "నెమలే కొట్టు" అన్నాడు.