చూపు తిరిగొచ్చిన నాయనమ్మ

మా మేనత్తది మాంసం కొట్టు. మొగుడు పోయాక ఒంటిచేత్తో నడిపింది. కత్తి ఎంత పదునో నోరూ అంతే. బేరమాడేవాళ్ళకు ముందు తిట్టు పడేది, తర్వాతే మాంసం. ఒకసారి గల్లాపెట్టెలో చెయ్యి పెట్టినవాణ్ణి అందుబాటులో ఉన్న మేక కాలుతోనే చావబాదింది. అందుకే నా మొగుడు నా మణికట్టు విరగ్గొట్టిన రోజు నేను పుట్టింటికి పోలేదు, ఆ కొట్టుకే పరిగెత్తాను.

మర్నాడే నాన్న దిగాడు. నా చేతి కట్టు వంక ఓసారి చూసి, ఎప్పుడూ చెప్పే కథే ఎత్తుకున్నాడు. మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చిన కథ అది. నాన్న వాళ్ళ తాత ఓ రోజు పెళ్ళాం నెత్తి మీద కర్రతో బాదితే ఆవిడకు రెండు కళ్ళూ పోయాయట. అయినా పల్లెత్తు మాట అనకుండా కాపురం చేసిందట. కొన్నేళ్ళకు చూపు దానంతటదే తిరిగొచ్చిందట, ఆ తర్వాత కొడుకును కన్నదట.

“మా నాయనమ్మ ఓర్చుకుంది కాబట్టే ముసలితనం దాకా చల్లగా బతికింది. నువ్వూ సర్దుకుపో తల్లీ. ఆదివారం అల్లుడొస్తాడు, వెళ్ళిపో,” అన్నాడు.

“పోయిన కళ్ళు ఎలా వస్తాయిరా? అవేమైనా గోళ్ళా, మళ్ళీ పెరగడానికి?” అంది అత్త.

“మనం చూశాం కదక్కా! మన తలల్లో పేలు చూసేది, సూదిలో దారం ఎక్కించేది.”

అత్త కూడా అవన్నీ కళ్ళారా చూసిందే. అదే ఆమె ఒళ్ళు మండించింది. నాన్న వెళ్ళగానే కత్తిని మొద్దు మీద దిగ్గొట్టింది. “ఈ కథ సంగతేంటో తేలుస్తా. అబద్ధమైతే నిన్ను పంపను. నిజమైతే నేనింక అడ్డం రాను,” అంది. అత్త మాటంటే మాటే.

పాత జనాభా లెక్కలు ఉండే ఆఫీసుకు ఇద్దరం వెళ్ళాం. గుమస్తా మా దగ్గరి నెత్తురు వాసనకు ముక్కు మూసుకుని, వీధి పేరడిగి కట్టలు తీసిచ్చాడు. మొదటి లెక్కలో నాన్న వాళ్ళ తాత, ఆయన భార్య ఉన్నారు. భార్యకు ఇరవై ఎనిమిదేళ్ళు, రెండు కళ్ళూ లేవు. అంటే కథ నిజమే! ఆదివారం వెళ్ళక తప్పదనుకున్నాను. పదేళ్ళ తర్వాతి లెక్కలో అదే ఇల్లు, అదే మొగుడు, అదే పేరుతో భార్య. కళ్ళు బాగానే ఉన్నాయి. వయసు ఇరవై రెండు.

“మీ నాయనమ్మకి చూపొక్కటే కాదు, వయసు కూడా తిరిగొచ్చిందండీ,” అని గుమస్తా నవ్వాడు.

అత్త కూడా నవ్వబోయి ఆగిపోయింది. “చావుల పుస్తకం తియ్యండి,” అంది.

రెండు లెక్కలకూ మధ్య దొరికింది. ఆ ఇంటి గుడ్డి భార్య బావిలో పడి చనిపోయింది. తల వెనక పగిలి ఉంది. చావు కబురు రాయించినవాడు భర్త. ఇంకెవరూ ఏమీ అడిగినట్టు లేదు.

అత్త అక్కడే కూలబడింది. “చంపేశాడే! చంపేసి, ఇంకోదాన్ని తెచ్చి దాని పేరుతోనే పిలిచాడు. అందుకేనే, మా నాయనమ్మను పేరు పెట్టి పిలిస్తే రెండోసారికి గానీ పలికేది కాదు. చెవుడేమో అనుకునేవాళ్ళం.” పళ్ళు కొరుకుతూ ఏడ్చింది. నాకైతే ఆ ముసలాణ్ణి గోతిలోంచి పైకి లాగి తన్నాలనిపించింది.

ఆదివారం నాన్నా, నా మొగుడూ కలిసే కొట్టుకొచ్చారు. అత్త ఆ కాగితాల నకళ్ళు నాన్న చేతిలో పెట్టి, జరిగిందంతా చెప్పింది. ఆయన ఇంకా చదువుతుండగానే నా మొగుడు, “ఈ చచ్చినోళ్ళ గొడవ నాకెందుకు? నడవ్వే!” అంటూ కట్టు ఉన్న చెయ్యే పట్టి లాగాడు. ప్రాణం పోయేలా అరిచాను. అత్త కత్తి తిరగేసి, మొండి వైపుతో వాడి మోచేతి మీద ఒక్కటేసింది. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినబడింది. నిజం చెప్పాలంటే నా చెవులకు హాయిగా వినబడింది. వాడు బొమికల బుట్ట మీద పడి, “మామయ్యా, చూస్తారేంటి!” అని గావుకేక పెట్టాడు.

నాన్న అటు తిరగనే లేదు. కాగితం మీద వేలు పెట్టుకుని నిలబడ్డాడు.

“అక్కా, మరి మనల్ని పెంచినావిడ అసలు పేరేంటి?”

“ఎవరు రాశారురా, నాకు తెలియడానికి?”

నాన్న చాలాసేపు ఏడ్చాడు. తర్వాత కళ్ళు తుడుచుకుని అల్లుడి దగ్గరకు వెళ్ళాడు.

“లే, నీ దారిన నువ్వు పో. మా పిల్ల రాదు,” అన్నాడు.