నీళ్ళు పడలేదని రాసిన గోడ

బోరు వేసినా నీళ్ళు పడకపోతే మీరు ఇక్కడ తవ్వమని పాయింటు పెట్టినవాణ్ణి నిలదీస్తారా, చేను గలవాడి రాత బాగాలేదంటారా?

రెండువేల సంవత్సరం తర్వాత వానలు వరుసగా తప్పిన రోజుల్లో నేను బెళుగుప్ప అనే కరువు ఊరికి వెళ్ళాను. గోడల మీద బొమ్మలు వేసే ఓబులేసు నన్ను వెంటబెట్టుకుని వీధులన్నీ తిప్పాడు. మలుపు మలుపునా ఒకటే బొమ్మ: అరచేతిలో నిటారుగా లేచిన కొబ్బరికాయ, దాని కింద ఉబికే నీళ్ళు. బోరు ఎక్కడ వెయ్యాలో కాయతో చెప్పే ఒక స్వామి కోసం ఓబులేసే వేసిన ప్రకటన అది. ఆ గోడల వెనక చాలా ఇళ్ళకు తాళాలున్నాయి.

"బోర్లు పడలే. బెంగుళూరికి కూలికి పోయినారు," అన్నాడు ఓబులేసు.

"మరి ఈ అబద్ధం ఎందుకు వేస్తావు?"

"పడతాయని రాయమనేటోళ్ళు ఉండారు సార్. పడలేదని రాయమనేటోడు యాడుండాడు? చెప్పుకుంటే సామిని వదిలి మాదే పాపిష్టి చెయ్యంటారు. మా చేన్లోనే ఆ సామి చెప్పిన మూడు బోర్లు పోయినాయి. రేపటికి మా అన్న మళ్ళీ ఆ సామినే పిలిచినాడు. ఈసారీ పోతే చేను అమ్మాల్సిందే."

"మీ ఇంటి గోడ మీద రాయడానికి ఎవరి అనుమతి కావాలి?" అన్నాను.

ఓబులేసు నేరుగా ఇంటి దారి పట్టాడు. ఇల్లు చేరాక కుంచె తీసి వీధి గోడ మీద పెద్ద అక్షరాలతో రాశాడు: "మా చేన్లో సామి పెట్టిన పాయింట్లు మూడూ పడలేదు."

అన్న బయటికొచ్చి చదివాడు. "ఏమప్పా, ఇంటి పరువు బజార్న పెడతాండావే?"

"పరువు పోతే పోనీలేన్నా. చేనన్నా మిగలనీ."

అన్న ఇంకోసారి చదివి లోపలికి పోయాడు గాని చెరపమనలేదు.

బోరు పడని రైతులారా, సిగ్గుపడాల్సింది మీరు కాదు. మీ చేన్లో పడని ప్రతి బోరునూ, పాయింటు పెట్టినవాడి పేరునూ మీ గోడ మీద రాయండి. పక్క చేనువాడు బోరు బండిని పిలవకముందే రాయండి.