తొమ్మిదో తరగతి కోసం రాసిన అర్జీలు

మొన్న ఆదివారం మా చెల్లెలు తన మనవరాలిని వెంటబెట్టుకుని, సందేశ్ మిఠాయి పొట్లంతో సుభాష్‌పల్లిలోని మా ఇంటికి వచ్చింది. పబ్లిక్ పాలసీ అనే చదువు చదివిన ఆ పిల్లకు ఢిల్లీలో ఒక పెద్ద కంపెనీలో ఉద్యోగం వచ్చిందట. ఏం ఉద్యోగమమ్మా అంటే ప్రభుత్వ సంబంధాలు చూడడం అంది. రైల్వే ఆఫీసులో గుమాస్తాగా చేరి హెడ్ క్లర్కుగా రిటైరైన నాకు ఆ మాట వినగానే ఒళ్లు మండింది. మా రోజుల్లో ఆఫీసర్ల గదుల ముందు తచ్చాడే పెద్దమనుషులను మేము పైరవీకారులనే అనేవాళ్లం, ఇప్పుడు వాళ్లకు జీతంతో పాటు డిగ్రీ కూడానా అని పైకే అనేశాను.

ఆ పిల్ల నొచ్చుకోలేదు. ఎవరి తరఫున వచ్చామో ముందే చెప్పుకుని మాట్లాడడం తమ పని అనీ, అది దాచిపెట్టి చేస్తేనే పైరవీ అనీ ఓపిగ్గా చెప్పింది. ఒక నిబంధన ఎక్కడ పుట్టి ఎన్ని బల్లలు దాటి మన వీధిలోకి వస్తుందో, ఏది కేంద్రం పని, ఏది రాష్ట్రం పని, ఏది మునిసిపాలిటీ పని అన్నది ఎలా విడదీసుకోవాలో, గడువు దాటకముందే వెళ్లి ఎవరికేం నష్టమో ఒక్క పేజీలో ఎలా రాసివ్వాలో రెండేళ్లు నేర్పారట. నేను ఇంకా మొహం ముడుచుకునే ఉన్నానని గమనించి, వాళ్లకు మొదటి వారంలోనే నేర్పే సంగతి ఒకటి చెప్పింది.

"ముందు నిర్ణయం ఎవుల సేతిలో ఉన్నాదో సూసుకోవాలి తాతయ్యా. ఆల దగ్గరికే ఎల్లాలి. మిగతాదంతా తరవాత."

నా కోపం తగ్గలేదు సరికదా, ఆ పిల్ల మీది నుంచి ఎప్పటివాళ్ల మీదికో మళ్లింది. నా వయసువాళ్లకు, అందులోనూ రైల్వే క్వార్టర్లలో పెరిగినవాళ్లకు, ఆ కోపం ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

కలకత్తా వైపున్న ఈ రైల్వే ఊళ్లోనే, పూరీ గేట్ వైపు క్వార్టర్లలో మేము ఉండేవాళ్లం, నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు. మేముండే ఇల్లు రైల్వేది, కుళాయిలో నీళ్లు రైల్వేవి, వీధి దీపం, ఆసుపత్రి, మా అమ్మకు పురుడు పోసిన నర్సమ్మ, మేము చదివిన బడి, అన్నీ రైల్వేవే. గోడ కూలినా, కాలువ పొంగినా, పిల్లాడికి జ్వరమొచ్చినా వెళ్లేది రైల్వే ఆఫీసుకే. శ్రీకాకుళం నుంచి మా తాత వచ్చిన నాటి నుంచీ మాకు సర్కారంటే రైల్వే తప్ప ఇంకొకటి తెలియదు. ఊళ్లో మిగతావాళ్లు వేరే ఆఫీసుల చుట్టూ తిరుగుతుంటే వాళ్లను చూసి జాలిపడేవాళ్లం కూడా.

మా చెల్లెలు ఎనిమిదో తరగతి తెలుగులో చదువుతున్న సంవత్సరమే, వచ్చే ఏడు నుంచి తెలుగు తొమ్మిదో తరగతి ఉండదని బడి గోడ మీద నోటీసు అంటించారు. అది చదువులో ఎంత చురుకంటే, వీధిలో ఆడవాళ్లందరికీ ఊరి నుంచి వచ్చే ఉత్తరాలు చదివి పెట్టేది, జవాబులు రాసేది, టీచరు కావాలన్న మాట తప్ప వేరే మాట ఉండేది కాదు. నేను అప్పుడే గుమాస్తాగా చేరాను. టైపు వచ్చు, ఇంగ్లీషు వచ్చు. నాన్న, మేనమామ, గుడి పూజారిగారు మా వసారాలో కూర్చుని, అర్జీ రాసే భారం నా మీద పెట్టారు. ఎవరికి రాయాలన్న ప్రశ్న ఎవరి నోటా రాలేదు, నాకూ తట్టలేదు.

ఎంత గొప్పగా రాశాననుకున్నానో! సాయంత్రం షిఫ్టు దిగి వర్క్‌షాపు గేటు బయటికి వచ్చినవాళ్లు వచ్చినట్టే సంతకాలు పెట్టారు, సంతకం రానివాళ్లు గ్రీజు వేళ్లతోనే వేలిముద్ర వేశారు. పెద్దవాళ్లు ఉతికిన పంచెలు కట్టుకుని, కొబ్బరికాయా అరటిపళ్లూ పళ్లెంలో పెట్టుకుని పెద్ద ఆఫీసరు దగ్గరికి వెళ్లారు, ఎందుకంటే ఒట్టి చేతులతో వెళ్లడం మాకు అలవాటు లేదు. ఆయన కుర్చీలు వేయించాడు, టీ తెప్పించాడు, అర్జీ మీద ముద్ర కొట్టించి నకలు చేతికిచ్చి తప్పకుండా చూస్తానన్నాడు. ఆ నకలును మా చెల్లెలే వసారాలో నిలబడి అందరికీ చదివి తెలుగులో చెప్పింది. అలా మూడుసార్లు రాశాను, మూడుసార్లూ టీ ఇచ్చాడు.

తరగతి పోయింది. చెల్లెలు హిందీ సెక్షన్‌లో ఆర్నెల్లు కూర్చుని, లెక్కలు కూడా అర్థం కాక ఏడ్చి ఏడ్చి బడి మానేసింది. సర్కారు ఒప్పుకోలేదమ్మా, మనమేం చేస్తాం అన్నాడు నాన్న. మా వీధంతా అదే అనుకుంది.

చాలా ఏళ్ల తర్వాత మా ఆఫీసులో ఆ అర్జీలు చేరిన సెక్షన్‌కే నాకు బదిలీ అయింది. బీరువా సర్దుతుంటే ఆ ఫైలు దొరికింది. నా మూడు అర్జీలూ నలగకుండా ఉన్నాయి. మొదటిదాని మీద, మాకు టీ ఇచ్చిన రోజు తేదీతోనే, ఇది మన ఆఫీసుకు సంబంధించినది కాదు, ఫైలులో ఉంచండి అని రాసి ఉంది. బడి కట్టడం, పంతుళ్ల జీతాలు మాత్రమే రైల్వేవి. తెలుగులో పరీక్షకు పంపే తరగతికి అనుమతి కలకత్తాలోని పరీక్షల బోర్డు ఇవ్వాలి, గడువులోగా అడిగితే ఇచ్చేదేమో కూడా. ఆ సంగతి తెలిసిన మనిషి ముగ్గురు ముసలివాళ్ల చేత పళ్లెం అందుకుని, నవ్వుతూ ముద్ర కొట్టించి పంపాడు. అయినా ఆయన్ని ఒక్కణ్ణే తిట్టి ఏం లాభం? ఏ కాగితం ఏ బల్లకు వెళ్లాలో చూడడమే నా ఉద్యోగం, అందుకే జీతం తీసుకున్నాను, నా చెల్లెలి కాగితం దగ్గర మాత్రం ఆ పని చేయలేదు. సిగ్గుతో ఫైలుకు మళ్లీ తాడు కట్టేశాను. నాన్నకూ చెప్పలేదు, చెల్లెలికీ చెప్పలేదు.

మొన్న ఆ పిల్ల మొదటి వారం పాఠం చెబుతుంటే మా చెల్లెలు టీ కప్పు కింద పెట్టి నా వైపే చూసింది. "అయితే అన్నయ్యా, మన కాగితం సదవాల్సినోలు అసలు సదవనే నేదా?" అని అడిగింది. ఇక దాచలేక ఫైలు సంగతంతా చెప్పాను. అది తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండేది. "ఒద్దన్నారనుకున్నాను ఇన్నాళ్లూ. ఆలని అడగనే నేదన్నమాట" అంది.

ఇప్పుడు ముద్రలు లేవు, ఫోనులో ఫిర్యాదు పెట్టిన నిమిషంలోనే నంబరు వస్తుంది, పూరీ గేట్ వైపు నుంచి ఇప్పటికీ ఎవరో ఒకరు ఆ నంబరు పట్టుకుని నా దగ్గరికి వస్తూనే ఉంటారు, చూస్తే ఆ ఫిర్యాదు వెళ్లిన చోటు తప్పు. ఏ పని ఎవరి చేతిలో ఉందో తెలిసిన పిల్లలు మా ఇళ్లలోనూ తయారయ్యారు, సంతోషమే, కానీ వాళ్లను జీతమిచ్చి పెట్టుకోగలిగింది కంపెనీలే అంటే నాకు మళ్లీ ఒళ్లు మండుతుంది. ఆ రోజు ఆ ఆఫీసరు టీతో పాటు ఒక్క మాట చెప్పి ఉంటే చాలు, మేము మర్నాడు తెల్లవారుజాము బండికే కలకత్తా వెళ్లి ఉండేవాళ్లం. రెండు మూడు గంటల ప్రయాణం, పైగా మా అందరికీ రైల్వే పాసులుండేవి.