వాసంతి నోటికి రాని ప్రశ్న

విదేశంలో, మిల్టన్ అనే ఊళ్లో వాసంతి ఏం చేస్తోందని ఎవరైనా అడిగితే, భర్త భీమారావు "గవర్నమెంట్ జాబ్" అని ఊరుకుంటాడు. జైల్లో గార్డని చెబితే ఆయన మీసం వంగిపోతుంది కాబోలు. వాసంతి మాత్రం యూనిఫారంతోనే ఇండియన్ స్టోరుకు వెళ్లి దర్జాగా కరివేపాకు ఏరుకుంటుంది.

అంతటి మనిషికి ట్రైనింగులో చుక్కెదురైంది. ఖైదీల్లో ఎవరి మనసు బాగాలేదో పసిగట్టడం నేర్పారు. తిండి మానేయడం, ఉన్న వస్తువులు పంచిపెట్టేయడం, గోడకేసి చూస్తూ కూర్చోవడం, అన్నీ ఇట్టే పట్టేసింది. తమ టౌన్‌హౌసుల వరసలో ఏ కోడలు ఏడ్చి వచ్చిందో గుమ్మంలోనే చెప్పేసే కళ్లు అవి. కానీ అలాంటి ఖైదీని "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగాలట. డొంకతిరుగుడు పనికిరాదట. దీపం ఆరిపోయినా కొండెక్కిందనే ఇంట్లో పెరిగిన నోరాయె. ఖైదీ వేషం కట్టిన ట్రైనర్‌ను, "ఎక్కడికైనా వెళ్లిపోవాలని ఉందా బాబూ?" అని అడిగింది.

"కాల్గరీ వెళ్లాలనుంది," అన్నాడతను, ఫెయిల్ చేస్తూ.

శుక్రవారం ఇంకొక్క ఛాన్సు. అదీ పోతే ఉద్యోగమే పోతుంది.

గురువారం భోజనాల దగ్గర భర్త మీద ప్రాక్టీసు మొదలుపెట్టింది.

"ఏమండీ, మీకు... చచ్చిపోవాలనిపిస్తోందా?"

భీమారావు చేతిలో ముద్ద ఆగింది. "కూర బాగానే ఉంది కదే."

"అది కాదండీ. మీరు ఖైదీ అనుకోండి."

"ఇరవై రెండేళ్లుగా అనుకుంటూనే ఉన్నాలే."

వాసంతి లెంపలు వేసుకుని మళ్లీ అడగబోయింది. అడగలేక పచ్చడి గిన్నె ఆయన ముందుకు జరిపింది.

"అడుగు, పర్లేదు," అన్నాడాయన మజ్జిగ పోసుకుంటూ. "అడిగినంత మాత్రాన నేనేం పోను."

ఆ మనిషి నోట పనికొచ్చే మాట రావడం ఆ ఏడాదికి అదే మొదలు.

శుక్రవారం ట్రైనర్ మళ్లీ ఖైదీ వేషంలో తలొంచుకుని కూర్చున్నాడు. దుప్పటి పక్కవాడికి ఇచ్చేశానన్నాడు. వాసంతి ఎదురుగా కూర్చుని, గొంతు తగ్గించి, తడబడకుండా అడిగింది. "చచ్చిపోవాలనిపిస్తోందా?"

జవాబు వచ్చేదాకా వాసంతి తొందరపెట్టకుండా కూర్చుంది. పెళ్లిపీటల మీద కూడా అంతసేపు మాట్లాడకుండా కూర్చోలేదు ఆవిడ.

"అవును," అన్నాడు చివరికి.

"చెప్పావు, మంచిపని చేశావు. నేనిక్కడే ఉంటాను," అని, పక్కనుంచి కదలకుండానే నడుముకున్న వాకీటాకీలో నర్సును పిలిచింది.

పాసైంది. కాగితం మీద సంతకం పెడుతున్న ట్రైనర్ నెత్తిన చెయ్యి వేసి, "నిండు నూరేళ్లూ బతుకు నాయనా," అని తెలుగులో దీవించింది. అదేమిటని అతను బిత్తరపోయి అడిగాడు.

"ఇందాక అడిగినదానికి విరుగుడు," అంది.