తొట్టిలోకి రాని జావా నీళ్లు

ఆ ఉదయం పుల్లలచెరువు అనే ఊరి పక్కనున్న మా పల్లెలో, కొండ దిగువన ఉన్నవారు: కడవలతో పందొమ్మిది మంది ఆడవాళ్లు, మా నాయన, మరియమ్మ అవ్వ, ఓవర్సీరు పరీక్ష ప్యాసైన నేను. ఉన్నవి: ఖాళీ తొట్టి ఒకటి, కొండమీది ఊట నుంచి దాని దాకా కలిపిన వెదురు బొంగులు అరవై నాలుగు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక కొన్నాళ్లు నేను సైన్యంతో జావా దీవిలో ఉన్నాను. అక్కడ పొగ చిమ్మే కొండ కింద, మా పటాల్లో లేని ఒక చిన్న ఊరు. ఆ చుట్టుపక్కలంతా కొండ నీళ్లు బొంగుల్లోంచి ఇళ్ల వాకిళ్లలోకే దిగేవి. లోపలి కణుపులు పొడిచేస్తే బొంగే గొట్టం. కొలతలన్నీ రాసుకొచ్చాను. ఇక ఆడవాళ్లు కడవలతో కొండెక్కక్కర్లేదని నాయన ఊరందరికీ మాటిచ్చాడు.

పైన ఊటకు బొంగు పెట్టారు. గంట గడిచింది. తొట్టిలో చుక్క పడలేదు.

"ఏంది అబ్బయా, నీళ్లు ఇంకా జావాలోనే ఉండాయా?" అంది అవ్వ నాతో. అందరూ నవ్వారు. నాయన తలెత్తలేదు.

నేను వాలు లెక్క మళ్లీ వేస్తూ కూర్చున్నాను. అవ్వ చేతికర్రతో బొంగులు తడుతూ కొండెక్కి, సగంలో ఆగింది.

"ఈడ దాకా అంతా డొల్ల. ఈ బొంగు కాడినుంచి పైకి నిండుగా ఉంది. దీన్ని పొడిచిందెవురు?"

అది నేను కొలతల కోసం ఇంట్లో ఉంచుకున్న మాదిరి బొంగు. వరసలో ఒకటి తక్కువైతే, కణుపులు పొడవాలన్నది మరిచి అలాగే తెచ్చి కలిపాను.

దాన్ని పొడిచాక తొట్టి నిండింది. ఆ రోజు నుంచి నా లెక్కల గురించి గొప్పలు చెప్పుకోవడం మానేశాను. ఊరివాళ్లు పొడిచిన బొంగులు అరవై మూడు. నేను పొడవాల్సింది ఒక్కటే.