కండక్టరక్క అత్తింటివాళ్లు

కండక్టరక్క తన ఒంట్లో ఎక్కడ నొప్పి పుట్టినా దానికొక చుట్టరికం కలిపేది. కుడి మోకాలు పెద్దల్లుడు, ఎడమది చిన్నల్లుడు. నడుము మామగారు, వంగమంటే వంగడు, వంగితే లేవడు. మెడ అత్తగారు, ఎటు తిరిగినా ఒక మాట అంటుంది. కడుపు తోడికోడలు. ఎడమ చీలమండ ఆడపడుచు. ఇవాళ ఆలస్యమైందేమని ఎవరైనా అడిగితే, మామగారు మంచం దిగనన్నాడనీ, బతిమాలి తీసుకొచ్చేసరికి ఈ వేళైందనీ చెప్పేది. తెలియనివాళ్లు ఇంట్లో పెద్దాయనకు నిజంగానే బాగాలేదనుకుని పళ్లు పట్టుకుని పలకరించడానికి వచ్చేవాళ్లు. ఆవిడ ఆ పళ్లు మర్యాదగా అందుకుని, మామగారి తరఫున వాళ్ల ముందే తినేసేది.

ఇందులో తమాషా ఏమిటంటే, ఆవిడకు పెళ్లే కాలేదు. సిటీ బస్సులో టికెట్లు కొట్టీ కొట్టీ రిటైరైన మనిషి. మూడంతస్తుల మేడలో కింది వాటాలో ఒక్కతే ఉండేది. అంత పెద్ద అత్తిల్లు ఆవిడ ఒంట్లో తప్ప ఇంకెక్కడా లేదు.

అదే మేడ పై గదిలో ల్యాబ్ అమ్మాయి ఉండేది. రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగం. ఊరికి వచ్చి ఏడాది కావస్తున్నా ఆ అమ్మాయి నోటి వెంట రోజంతా వచ్చేవి మూడే మాటలు. పిడికిలి బిగించండి, చీమ కుట్టినట్టుంటుంది అంతే, దూది నొక్కి పట్టుకోండి. సాయంత్రం గదికి చేరాక ఆ మూడింటికి కూడా పనుండేది కాదు. భర్తతో విడిపోయాక కొన్నాళ్లు అన్నయ్య తరచూ ఫోన్ చేసేవాడు. ఎలా ఉన్నావంటే బాగానే ఉన్నాను అనేది. ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు కావడంతో, బాగానే ఉంది కదా అని ఆయన ఫోన్లు తగ్గించేశాడు.

ఒకరోజు కండక్టరక్క షుగరు పరీక్షకు ల్యాబుకు వచ్చి, చెయ్యి చాపి, సూది దిగుతుండగా అసలు సంగతి ఎత్తింది. ఊరి బయట రిజర్వాయరు చుట్టూ ఏటా జరిగే జంట పరుగు వచ్చే ఆదివారమే. ఇద్దరూ కలిసి బయలుదేరాలి, ఇద్దరూ చేతులు పట్టుకుని గీత దాటాలి, ఒకరు ఆగిపోతే రెండోవాళ్లూ ఆగిపోయినట్టే. ఏటా తనతో పరుగెత్తే టైలరమ్మ కంటి ఆపరేషన్ చేయించుకుని నల్లద్దాలు పెట్టుకుని కూర్చుంది. పైగా వచ్చే ఏటి నుంచి అరవై నిండినవాళ్లను ఈ పరుగులోకి రానివ్వరట. వాళ్లకు పార్కు చుట్టూ ఒక నడక, చివర్లో ఒక బిస్కెట్ ప్యాకెట్.

"బిస్కెట్ ప్యాకెట్ కోసం నడిచే మనిషినా నేను?" అంది కండక్టరక్క. "ఈ ఒక్క ఏడే ఉంది. నువ్వు రావాలి."

తనకు అలవాటు లేదనీ, ఎప్పుడో కాలేజీలో పరుగెత్తిందే ఆఖరనీ ల్యాబ్ అమ్మాయి చెప్పి చూసింది. కాదనడం ఆ అమ్మాయికి బాగానే వచ్చు. వినడమే కండక్టరక్కకు రాదు. దూది నొక్కి పట్టుకుని, సోమవారం పొద్దున్నే తలుపు కొడతానని చెప్పి వెళ్లిపోయింది.

అన్నట్టే కొట్టింది. బస్సు రేకు మీద అరచేత్తో చరిచినట్టు రెండు దెబ్బలు, వెంటనే "రైట్" అని ఒక కేక. ల్యాబ్ అమ్మాయి కళ్లు నులుముకుంటూ దిగేసరికి ఆవిడ గుమ్మంలో సిద్ధంగా ఉంది. భుజానికి పాత టికెట్ల సంచి, అందులో అరటిపళ్లు, నీళ్ల సీసా. పరుగు మొదలైతే రైట్ రైట్ అనాలి, ఆగాలంటే హోల్డాన్ అనాలి, అదీ పద్ధతి. ఆ రోజు పార్కు చుట్టూ తిరిగారు. మర్నాడు ఫ్లైఓవరు ఎక్కి దిగారు, మళ్లీ ఎక్కారు. ఎక్కేటప్పుడల్లా అల్లుళ్లిద్దరూ గొణగడం, ఆవిడ వాళ్లను బుజ్జగించడం. కొత్త బట్టలు పెడతాననీ, కావాలంటే బైకు కొనిస్తాననీ మోకాళ్లకు మాటిచ్చింది. పాలబండి వాడు బండి ఆపి మరీ విన్నాడు. ల్యాబ్ అమ్మాయికి నవ్వొచ్చింది. చాలా రోజులకు విన్న తన నవ్వు తనకే ఎవరిదోలా అనిపించి, చటుక్కున ఆపేసింది.

బుధవారం సన్నగా తుంపర. రిజర్వాయరు కట్ట మీద దిగుడు దారిలో ల్యాబ్ అమ్మాయి కాలు ఒక గులకరాయి మీద పడింది. కుడి చీలమండ పక్కకు మడతపడి కళ్లలో నీళ్లు తిరిగాయి. వెనక నుంచి వచ్చిన కండక్టరక్క ఏమైందని అడిగింది. పర్లేదు అంది ఆ అమ్మాయి. నిజంగానా అని ఇంకోసారి అడిగితే ఇంకోసారి పర్లేదు అంది.

సాయంత్రం గదిలో మంచం మీద కూర్చుని చూసుకుంటే చీలమండ ఉబ్బి ఉంది. ల్యాబు నుంచి తెచ్చుకున్న బ్యాండేజీ తనే చుట్టుకుంది. పని తెలిసిన చేతులు కాబట్టి బాగానే చుట్టాయి. అన్నయ్యకు చెబుదామని ఫోన్ తీసి, ఎక్కడ మొదలుపెట్టాలో తోచక పక్కన పెట్టేసింది. కాలు బెణికిందని చెప్పాలంటే పరుగు సంగతి చెప్పాలి, కండక్టరక్క సంగతి చెప్పాలి, తను బాగానే లేని సంగతీ చెప్పాల్సొస్తుంది. బెణుకు ఏమంత పెద్దది కాదు. చెప్పుకునే మనిషి లేకపోవడం వల్ల పెద్దదిగా కనిపించిందంతే.

కింది వాటాకు వెళ్లి రాలేనని చెబితే సరిపోయేది. కానీ బిస్కెట్ ప్యాకెట్ గుర్తొచ్చింది. గురువారం పొద్దున్న బూటు బిగించి కట్టుకుని, మామూలుగా నడుస్తున్నట్టు మొహం పెట్టి దిగింది.

వీధి మలుపు తిరగకముందే కండక్టరక్క "హోల్డాన్" అని తన కాలు పట్టుకుని అరుగు మీద కూలబడింది. ఆడపడుచు అలిగిందట. రాత్రి నుంచీ ముభావంగా ఉందట, ఇవాళ పరుగెత్తమంటే అసలు ఊరుకోదట. అందుకని ఆ రోజు నడిచారు. అదీ మెల్లగా, ఆడపడుచు మనసు నొచ్చుకోకుండా. ల్యాబ్ అమ్మాయి లోపల్లోపల ఆ ఆడపడుచుకు దండం పెట్టుకుంది.

శుక్రవారం ఆడపడుచును శాంతింపజేసే పని పెట్టుకుంది కండక్టరక్క. కింది వాటా వసారాలో ఒక బకెట్, నిండా ఐసు వేసిన నీళ్లు. ల్యాబ్ అమ్మాయిని పక్కన కుర్చీలో కూర్చోబెట్టి, నువ్వూ కాలు పెట్టమంది. తనకేమీ లేదు కదా అంది ఆ అమ్మాయి.

"నీకు లేదని నాకూ తెలుసు. ఒక్కదాన్నే ముంచితే, నన్నే ఎందుకు ముంచారని మా ఆడపడుచు రాగం తీస్తుంది. తోడుగా నీది కూడా పెట్టు. కుడిదే పెట్టు, ఎడమవైపు చోటు లేదు."

చల్లటి నీళ్లలో ఇద్దరి పాదాలూ పక్కపక్కన ఉన్నాయి. నొప్పి కాస్త కాస్తగా మొద్దుబారింది. కండక్టరక్క ఊరుకుని ఉండడం ల్యాబ్ అమ్మాయి అప్పుడే మొదటిసారి చూసింది.

శనివారం విశ్రాంతి. మధ్యాహ్నం ఇస్త్రీ బట్టలు తీసుకురావడానికి దిగుతూ, మెట్ల మలుపులో ఆ అమ్మాయి ఆగింది. కింది వాటాలోంచి మాటలు వినిపిస్తున్నాయి. మామగారూ, ఈ పూట మందు వేసుకున్నారా అని కండక్టరక్క అడుగుతోంది. అడిగి, అవతలి మనిషి జవాబు చెప్పడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపూ ఆగింది. తర్వాత, సరే అయితే పడుకోండి అంది. వాటాలో ఇంకో గొంతు లేదు. స్టీలు గ్లాసు గట్టు మీద పెట్టిన చప్పుడు, ఆపైన ఏమీ లేదు. పై గదిలో సాయంత్రాలు ఎలా ఉంటాయో కింది వాటాలోనూ అలాగే ఉంటాయని ల్యాబ్ అమ్మాయికి ఇన్నాళ్లూ తట్టలేదు. తలుపు కొడదామనుకుంది. విన్నానని తెలిస్తే ఆవిడ చిన్నబుచ్చుకుంటుందేమోనని, చప్పుడు కాకుండా మెట్లెక్కి వెళ్లిపోయింది.

ఆదివారం జంటలన్నీ కట్ట మీద బారులు తీరాయి. అక్కాచెల్లెళ్లు, మొగుడూపెళ్లాలు, ఒకే రంగు చొక్కాలు వేసుకున్న ఆఫీసు వాళ్లు. మైకులో చెప్పింది ఒకటే. పదకొండు కొట్టగానే గీత దగ్గర తాడు కట్టేస్తారు, ఆ తర్వాత వచ్చినవాళ్లు వచ్చినట్టు కాదు. వెనకబడినవాళ్లను ఎక్కించుకోవడానికి ఒక వ్యాను వెంట వస్తుంది.

సగం దూరం ఎలాగో సాగింది. ఆ తర్వాత చీలమండ ఊరుకోలేదు. ల్యాబ్ అమ్మాయి పళ్లు బిగపట్టి అడుగులు వేస్తుంటే, సరిగ్గా ఇక వేయలేననుకున్నప్పుడల్లా పక్క నుంచి హోల్డాన్ అని వినిపించేది. ఒకసారి పెద్దల్లుడు, ఒకసారి అత్తగారు, నీళ్లు తాగాక తోడికోడలు. ఎక్కువసార్లు ఆడపడుచే. ఒకచోట ఆవిడ కుంటుతున్న కాలు చూసి ఆ అమ్మాయికి అనుమానం వచ్చింది.

"అక్కా, మీ ఆడపడుచు ఎడమవైపు కదా?"

"ఇవాళ కుడివైపుకు మకాం మార్చింది. ఆవిడిష్టం, మనమేమంటాం."

అందరూ ముందుకు వెళ్లిపోయారు. కట్ట మీద వాళ్లిద్దరూ, ఒకవైపు నీళ్లు, వెనక వ్యాను చప్పుడు. కాసేపటికి వ్యాను పక్కకు వచ్చి, డ్రైవరు తల బయటపెట్టి ఎక్కమన్నాడు. టైము చాలదమ్మా, ఊరికే కష్టపడకండి అన్నాడు. వ్యానులో సీట్లు మెత్తగా ఉన్నాయి. ల్యాబ్ అమ్మాయి వాటి వంక చూసింది. తన వల్లే ఆవిడ ఆఖరి పరుగు పోతోందని తెలుస్తూనే ఉంది. తను ఎక్కితే ఇద్దరూ ఎక్కినట్టే. ఎక్కుతానని అనలేక, ఎక్కనని అనలేక నిలబడిపోయింది.

కండక్టరక్క వ్యాను లోపలికి తొంగి చూసింది. "నలుగురే ఉన్నారు. నలుగురితో బండి కదుపుతావా? మా డిపోలో అయితే నిన్ను నిలబెట్టి అడిగేవాళ్లు. పో, నిండాక రా."

ఆ డ్రైవరు తల లోపలికి లాక్కున్నాడు. బండి మెల్లగా వెనక్కి తగ్గింది.

ఇక మిగిలింది ఎత్తు ఎక్కడమే. ఆడపడుచు ఒక్క అడుగు కూడా వేయనంటోంది, కాస్త నన్ను పట్టుకో అంటూ కండక్టరక్క ల్యాబ్ అమ్మాయి చెయ్యి తీసి తన భుజం మీదుగా వేసుకుంది. అమ్మాయి బరువంతా ఆ భుజం మీదే పడింది. ఎవరు ఎవరిని పట్టుకున్నారో చూసేవాళ్లందరికీ తెలుస్తూనే ఉంది. రొప్పుతూ, రైట్ రైట్ అని తనకు తనే చెప్పుకుంటూ ఆవిడ ఎక్కించింది. తాడు పట్టుకుని నిలబడ్డవాళ్లు గడియారం చూసుకున్నారు, వీళ్లను చూశారు, తాడు కట్టడానికి తొందరపడలేదు. ఇద్దరూ చేతులు పట్టుకుని గీత దాటాక గాని పదకొండు కొట్టలేదు. ఆఖరి జంట వాళ్లే.

వైద్యం గుడారంలో డాక్టరు ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టాడు. కండక్టరక్క చీలమండలు రెండూ నొక్కి చూశాడు, తిప్పి చూశాడు, మోకాళ్లు తట్టి చూశాడు. ఈ కాళ్లకు ఏమీ లేదమ్మా, మా అందరి కంటే బాగున్నాయి అన్నాడు.

"డాక్టరు ముందు బుద్ధిగానే ఉంటారు," అంది ఆవిడ. "ఇంటికెళ్లాక చూడాలి వాళ్ల వేషాలు."

తర్వాత ల్యాబ్ అమ్మాయి బూటు విప్పి, బ్యాండేజీ విప్పి, నల్లబడిన చీలమండ చూసి, ఇది ఎప్పటిదని అడిగాడు. ఎముక విరగలేదు గానీ వారం పాటు కాలు కింద పెట్టకూడదన్నాడు. అతను మందు తేవడానికి వెళ్లగానే ల్యాబ్ అమ్మాయి కండక్టరక్క వైపు తిరిగింది.

"బుధవారం నుంచీ మీకు తెలుసు."

కండక్టరక్క అరటిపండు ఒలుస్తూ కూర్చుంది. ఒలవడం ఆపకుండానే చెప్పింది. "బస్సులో నిలబడలేనివాళ్లను చూసి కూర్చుంటారా అని అడిగితే, పర్లేదు, దిగిపోతాను అంటారు. అందుకని అడక్కూడదు. సీటు ఖాళీ అయింది, ఎవరో ఒకరు కూర్చోండి, బండి కదలాలి అనాలి. అప్పుడు కూర్చుంటారు. నువ్వు రెండుసార్లు పర్లేదన్నావు. నేనింక అడగలేదు."

ల్యాబ్ అమ్మాయి తల వంచుకుంది. ఏడుపు రాబోయి, కండక్టరక్క అరటిపండు ముక్క నోట్లో పెట్టేసరికి ఆగిపోయింది.

మర్నాడు పొద్దున్న తలుపు మీద దరువు పడలేదు. ల్యాబ్ అమ్మాయి కాసేపు ఎదురుచూసి, గోడ పట్టుకుని, కూర్చుని ఒక మెట్టు, నిలబడి ఒక మెట్టుగా కిందికి దిగింది. ఈసారి మెట్ల మలుపులో ఆగలేదు. తలుపు తోసేసరికి కండక్టరక్క మంచం మీద గోడకు ఆనుకుని ఉంది. డాక్టరు దింపొద్దన్న కాలు ఎందుకు దింపావని కేకలేసి, కుర్చీ చూపించింది. కేకలేస్తుంటే మొహం నొప్పితో ముడుచుకుపోయింది.

ఏమైందని ల్యాబ్ అమ్మాయి అడగలేదు. బల్ల మీదున్న నొప్పి మందు గొట్టం తీసి, మూత విప్పి, గొట్టంలో మందు మిగిలిపోయిందని, ఎండిపోయేలోపు ఎవరికో ఒకరికి రాయాలని అంది.

కండక్టరక్క ఆ అమ్మాయి వంక అనుమానంగా చూసింది. ఏ చుట్టం పేరు చెబుతుందోనని ల్యాబ్ అమ్మాయి ఎదురుచూసింది.

"కుడి భుజం," అంది ఆవిడ. "చాలా నొప్పిగా ఉందమ్మాయ్. రాత్రంతా నిద్ర లేదు."

చుట్టాలెవరూ రాలేదు. ల్యాబ్ అమ్మాయి మంచం అంచున కూర్చుని మందు రాయడం మొదలుపెట్టింది. ఇంకాస్త పైకి, అక్కడ కాదు, మరీ అంత సుకుమారంగానా, నువ్వేమైనా నరం వెతుకుతున్నావా అని కండక్టరక్క అడుగడుగునా వంకలు పెట్టింది. ఆ అమ్మాయి అవన్నీ విని, గట్టిగా నొక్కింది. తర్వాత తన కాలు ఎలా సలుపుతోందో అడక్కుండానే చెప్పడం మొదలుపెట్టింది. బుధవారం నుంచి మొదలుపెట్టి, అంతకు ముందు సంగతులకు కూడా వెళ్లింది. పొయ్యి మీద టీ మరిగి మరిగి చేదెక్కింది. ఆ టీనే ఇద్దరూ తాగారు.