ఉప్పు చాయ్ తాగి ఊరుకుంది

మా ఇంటామెకు ఏళ్లుగా కీళ్లవాతం. ఎట్లుందని అడిగితే నిజం చెప్పదు. అందుకే ఏదో ఒక కొంటెపని చేస్తాను. తిట్టిందంటే నొప్పి తక్కువ, ఊరుకుందంటే ఎక్కువ.

ఈ పొద్దున చాయ్‌లో ఉప్పు వేసి ఇచ్చాను. మాట్లాడకుండా తాగేసింది! క్యాబ్ తీశానే గానీ మనసు నిలవలేదు. కొత్తగూడలో సవారీని దింపి ఫోన్ చేస్తే "మంచిగనే ఉన్న" అంది. నమ్మకం కుదరక బండి ఇంటికే తిప్పాను.

వేళ్లకు కాపడం పెడుతుంటే, చాలాసేపటికి నోరు విప్పింది.

"పొద్దుగాల ఆ చాయ్ ఏంది? సిగ్గు లేదా నీకు?"

"మరి అప్పుడే ఎందుకు తిట్టలే?"

"తిట్టనీకె ఓపిక ఉండాలె గద! ఇప్పుడు జర నయమైంది, ఇగ విను."

మా ఏడు తరాలనూ తిట్టింది. ప్రాణం కుదుటపడింది. రేపు చాయ్‌లో ఏం వేయాలో మీరే చెప్పండి.